కారు వేగమందుకోగానే వీడియో గళ్లుగళ్లుగా మారుతుంటే

తమ్ముడూ, ఆట తెర మీద చక్కగానే ఉన్నా, రికార్డు చేసిన వీడియోలో కారు వేగమందుకోగానే రోడ్డు పక్క గడ్డి గళ్లుగళ్లుగా విడిపోతోందని రాశావు. అమలాపురంలో కరెంటు పోయినప్పుడల్లా ఫైలు తెరుచుకోవడం లేదనీ అన్నావు.

కంప్యూటర్ మార్చకు. నువ్వు పెట్టిన 2,500 కేబీపీఎస్ బిట్‌రేటే, అంటే వీడియోలో ఒక్కో సెకనుకు వాడే డేటా కొలతే, అసలు లోపం. కదలని దృశ్యానికి అది సరిపోతుంది. ఫ్రేము ఫ్రేముకూ ప్రతి గడ్డిపరకా మారుతుంటే చాలదు. నువ్వు రికార్డింగ్‌కు వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను అడ్వాన్స్‌డ్‌కు మార్చు. నీది ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డే కాబట్టి రికార్డింగ్‌కు ఎన్‌వెంక్ ఎన్‌కోడర్ (వీడియోను కుదించే ఆ కార్డు సాధనం) ఎంచుకుని, రేట్ కంట్రోల్‌లో సీక్యూపీ (బిట్‌రేటు బదులు నాణ్యతను స్థిరంగా ఉంచే పద్ధతి), విలువ 20 పెట్టు. అంకె తగ్గేకొద్దీ నాణ్యతతో పాటు ఫైలు పరిమాణమూ పెరుగుతుంది. నా మాట విని 16 దాకా దిగకు, డిస్కు నిండడమే తప్ప కంటికి పెద్ద తేడా తెలియదు. ఎన్‌వెంక్ గ్రాఫిక్స్ కార్డులోని ప్రత్యేక భాగంలో పనిచేస్తుంది, ఆట పెద్దగా నెమ్మదించదు.

ఇక ఫైలు రకం ఎంకేవీ పెట్టు. మామూలు ఎంపీ4లో వీడియో చదవడానికి కావలసిన సూచిక రికార్డింగ్ ముగిశాకే చేరుతుంది. మధ్యలో కరెంటు పోతే అంతా వృథా. ఎంకేవీలో అప్పటిదాకా ఎక్కినది దాదాపుగా దక్కుతుంది. కోనసీమలో తుపాను రోజుల్లో ఆడేవాళ్లకు ఇది తప్పనిసరి అంటాను. తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకో, వీడియోను మళ్లీ కుదించకుండా ఫైలు రకం మాత్రమే మారుస్తుంది కాబట్టి నాణ్యత ఏమాత్రం తగ్గదు.