అండమాన్ వెళ్లేలోపు మన కాలువ గట్టు పక్షుల్ని చూసుకోండి

మీ ప్రశ్న: మార్చిలో అమ్మానాన్నలతో, పిల్లలతో విజయవాడ నుంచి అండమాన్ వెళ్తున్నారు. చేతిలో మామూలు జూమ్ కెమెరా ఉంది. అక్కడి పక్షుల్నీ జంతువుల్నీ బాగా చూసి ఫోటోలు తీసుకోవాలంటే పెద్ద లెన్సు కొనాలా, ఎక్కడెక్కడికి వెళ్లాలి అని అడిగారు. నాదీ విజయవాడేనండి. కెమెరా భుజాన వేసుకుని అండమాన్‌లో తిరిగొచ్చిన అనుభవంతో చెప్తున్నాను.

లెన్సు కొనకండి. ఆ డబ్బుతో అక్కడ ఇంకో రెండు రోజులు ఉండండి. ఈలోపు మన ఊరి పక్షుల్ని కాస్త ఓపికగా చూసి పెట్టుకోండి. అండమాన్‌లో మీ కంటికి ఏం ఆనుతుందనేది సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎలాగంటే, బందరు కాలువ గట్టు మీదో భవానీ ద్వీపం పొదల్లోనో జెముడు కాకిని చూసే ఉంటారు. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, రెక్కలు ఇటుక రంగు. ఎగరడం కన్నా నేల మీద నడవడమే ఎక్కువ. పొద దాటేటప్పుడు మెడ ముందుకు సాచి, తోక ఈడ్చుకుంటూ పోతుంది. పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన ఉన్న చిడియా టాపు దారిలో పొద్దున్నే సరిగ్గా అదే నడక కనిపించింది. ‘ఊప్ ఊప్’ అనే ఆ బొంగురు కూత కూడా అదే. కానీ ఒంటి మీద నలుపే లేదు, పాలు ఎక్కువ పోసిన టీ రంగు. అది అండమాన్ జెముడు కాకి. ఆ దీవుల్లోనూ, వాటికి ఉత్తరాన ఉన్న కోకో దీవుల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. మన జెముడు కాకిని ఎరిగినవాళ్లు ఆ రంగు చూసి అక్కడే నిలబడిపోతారు. ఎరగనివాళ్లకు అదేదో గోధుమరంగు పిట్ట, అంతే. చుట్టూ సముద్రం ఉండి, బయటి పక్షులతో కలవకుండా ఎన్నో వేల తరాలు గడిస్తే అలా వేరే జాతి అవుతుంది. పుస్తకంలో చదివిన ఈ సంగతి కళ్లెదురుగా నడిచి పోతుంటే కలిగే సంతోషం వేరు.

వడ్రంగి పిట్టదీ ఇదే కథ. మన దగ్గర కొబ్బరి చెట్ల మీద కనిపించేది బంగారు వీపుది. అక్కడిది ఒళ్లంతా నలుపు, నెత్తిన ఎర్ర కుచ్చు. ముందు చెక్క మీద ముక్కుతో కొట్టే చప్పుడు వినిపిస్తుంది, పిట్ట తర్వాత కనిపిస్తుంది. చప్పుడు వచ్చిన వైపు నడవకండి. నిలబడితే తనే మాను చుట్టూ తిరిగి మీ వైపుకు వస్తుంది.

అండమాన్ అడవిలో మీరు వెతికే పక్షులు చాలావరకు ముదురు రంగువి: వడ్రంగి, పసులపోలిగాడి జాతివైన ఏట్రింతలు, కాకి జాతిదైన ట్రీపై, పాములు తినే గద్ద. ఆకుల సందుల్లోంచి తెల్లటి ఆకాశం వెనక ఉంటే కెమెరా వాటిని నల్లటి నీడల్లా తీస్తుంది. దీనికి అభ్యాసం మన కరెంటు తీగల దగ్గరే. తీగ మీద చీలిన తోకతో కూర్చునే పసులపోలిగాడిని తీయండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫోటోలో వెలుగును పెంచి తగ్గించే ప్లస్, మైనస్ సెట్టింగు) ఒక మెట్టు ప్లస్‌కు పెంచి, కన్ను విడిగా కనిపించేదాకా సరిచేసుకోండి. తెల్ల పక్షుల కోసం ఒక పూట గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు వెళ్లండి. అక్కడి చెట్ల మీద కొంగలూ గూడబాతులూ దగ్గరగా దొరుకుతాయి. వాటికి మైనస్ పెట్టకపోతే ఈకల గీతలన్నీ తెల్లగా మాసిపోతాయి. ఈ రెండూ చేతికి అలవాటైతే అక్కడ మీటలు వెతుక్కుంటూ పక్షిని వదులుకోరు.

ఇంకొకటి, ఏట్రింత కనిపిస్తే దాన్ని వదిలి ముందుకు పోకండి. అక్కడ తోక చివర రెండు పొడవైన ఈకలు వేలాడే రకం ఉంటుంది. దాని వెంట ట్రీపైలు, ఇంకా నాలుగైదు రకాల చిన్న పిట్టలు గుంపుగా తిరుగుతాయి. ఏట్రింత ఉన్న కొమ్మ కింద నిలబడితే గుంపంతా మీ ముందు నుంచే పోతుంది.

పిల్లలు ఉన్నారన్నారుగా, వాళ్లకు నేను మొదట చూపించమనేది పక్షిని కాదు, బల్లిని. అండమాన్ పగటి బల్లి ఊళ్లలోనే అరటి చెట్ల మీద, కొబ్బరి మానుల మీద, లాడ్జి గోడల మీద కూడా ఉంటుంది. లేతాకు పచ్చ ఒళ్లు, దాని మీద ఎర్రటి గీతలు, చుక్కలు. మన గోడ బల్లి రాత్రి తిరుగుతుంది, పగటి వెలుగులో దాని కంటిపాప నిలువు గీతలా మూసుకుపోతుంది. దీనికి గుండ్రటి పాప. రెప్పలు లేవు కాబట్టి నాలుక చాపి కళ్లను తుడుచుకుంటుంది. పురుగులతో పాటు పూల తేనె కూడా నాకుతుంది. దీని దగ్గరి చుట్టాలున్నది మడగాస్కర్ వైపు దీవుల్లో, అంటే హిందూ మహాసముద్రానికి ఆ చివర! దీన్ని ఫోన్‌తోనే తీయొచ్చు. మీ నీడ దాని మీద పడకుండా పక్క నుంచి మెల్లగా వెళ్లి, ఫోన్‌ను దాని కంటి ఎత్తుకు దించండి. ఫ్లాష్ వద్దు.

వేళ విషయం బాగా గుర్తుపెట్టుకోండి. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) మనకు 12 డిగ్రీలు తూర్పున ఉంది. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మనకన్నా ముప్పావు గంటకు పైగా ముందే వస్తాడు. మార్చి మధ్యలో పొద్దున ఐదున్నరకు వెలుగు వస్తే, సాయంత్రం ఐదున్నరకే పొద్దు కుంకుతుంది. ప్యాకేజీ బండ్లు టిఫిన్లయ్యాక తొమ్మిదికి కదులుతాయి. అప్పటికి పక్షుల పని అయిపోయి, వెలుగు నెత్తిమీదికి వచ్చేస్తుంది. కాబట్టి చిడియా టాపుకు విడిగా ఆటో మాట్లాడుకుని చీకటితోనే బయల్దేరండి. పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మాకు దొరికిన ఆటో డ్రైవరుది సోంపేట వైపు. “పిట్టల కోసమా? అయితే చెక్‌పోస్టు దాటాక ఇంజిన్ ఆపేస్తాను, నడుద్దాం” అన్నాడు. ఆ నడకలోనే మాకు జెముడు కాకి కనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు సిప్పీఘాట్ దగ్గర ఆగండి. 2004 డిసెంబర్ 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగి, వరి పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చి నిలిచిపోయాయి. ఎండిన చెట్ల మోళ్ల మధ్య ఇప్పుడు నీటిపక్షులు తిరుగుతాయి. కంటి చుట్టూ తెల్లటి మచ్చ ఉన్న అండమాన్ బాతును వెతకండి. ఆ నీళ్ల కింద ఒకప్పుడు ఎవరివో చేలు ఉండేవని తెలిసి చూస్తే మనసు భారమవుతుంది. ఫోటోలో ఆ మోళ్లు కూడా రానివ్వండి.

నీల్ దీవికి (ఇప్పుడు షహీద్ ద్వీప్) వెళ్తే ఆటు వేళ కనుక్కుని వెళ్లండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి పోయి రాళ్ల మధ్య గుంటలు బయటపడతాయి. గొడుగు అడ్డం పెడితే నీటి మీద మెరుపు పోయి అడుగున ఉన్నవన్నీ కనిపిస్తాయి. పగడాల మీద కాలు వేయొద్దు. గవ్వలు, పగడపు ముక్కలు, సముద్ర దోసకాయలు (దోసకాయలా కనిపించే జీవులు) పిల్లలకు చూపించి ఎక్కడివక్కడే వదిలేయండి. పగడం చచ్చిన ముక్కైనా తేవడం నేరం, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుకుంటారు.

రాస్ దీవిలో (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్) చుక్కల దుప్పులు మనుషుల పక్కనే మేస్తుంటాయి, ఫోటోలు తేలిగ్గా వస్తాయి. అయితే అవి ఆ దీవులవి కావు, బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలినవి. వేటాడే పెద్ద జంతువు లేక అండమాన్‌లో విపరీతంగా పెరిగి, అడవిలో లేత మొక్కల్ని మేసేస్తున్నాయి. నా మటుకు నేను అక్కడ దుప్పుల కన్నా పాత భవనాల గోడల్ని మింగేస్తున్న మర్రి వేళ్లనే ఎక్కువ తీశాను.

రెండు జాగ్రత్తలు. మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవి పక్కన నీళ్లలో దిగి ఫోటోలు తీయొద్దు. అక్కడివి ఉప్పునీటి మొసళ్లు, మనుషుల ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో అక్కడి ఆదివాసులైన జారవాలు కనిపిస్తే కెమెరా సంచిలోనే ఉంచండి. వాళ్లను ఫోటో తీయడం చట్టరీత్యా నేరం, చట్టం లేకపోయినా తీయకూడనిదే.

తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం కోసం డిగ్లిపూర్ దాకా వెళ్లాలని కొందరు చెప్తారు. మంచి చోటే, కానీ పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద రోజంతా పడుతుంది, మార్చికి అసలు సీజను తగ్గిపోతుంది. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి ఈసారికి దాన్ని వదిలేసి, ఆ రెండు పొద్దులూ చిడియా టాపుకే పెట్టుకోండి.