సైకాలజీ, న్యూరోసైన్స్ రెండూ కలిపి చదివితే నష్టమా? నేను చదివాను, చెబుతాను

"డిగ్రీలో సైకాలజీ, న్యూరోసైన్స్ కలిపి తీసుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతానా?" అని అడిగారు. అవరు. నేను ఆ రెండూ కలిపే చదివాను. ఏదో ఒకటే చదివినవాళ్లకి సగమే అర్థమవుతుందని నా గట్టి నమ్మకం. ఈ మాట వింటే నా న్యూరో స్నేహితులు కొట్టడానికి వస్తారు, రానివ్వండి.

రెండో సంవత్సరంలో ఒక రోజు సంగతి. పొద్దున సైకాలజీ ప్రాక్టికల్. కాగితం మీద జంట గీతలతో ఒక నక్షత్రం ఉంటుంది. ఆ రెండు గీతల మధ్య సందులోంచి పెన్సిల్‌తో చుట్టూ గీసుకురావాలి, అంతే. కాకపోతే మన చెయ్యి మనకి కనిపించకుండా అట్ట అడ్డం పెడతారు. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తూ గీయాలి. మొదటి మూల దగ్గరే నా చెయ్యి మొరాయించింది. నేను ఇటు లాగుతుంటే అది అటు పోతుంది. ఒకే చోట పిచ్చిగీతల గుట్ట తయారైంది. పక్కనున్న అమ్మాయి నవ్వింది, తన వంతు వచ్చాక మానేసింది. పదోసారికి గీత దారిలో పడింది. ఎలా పడిందో అడిగితే ఇప్పటికీ చెప్పలేను. చేతికి తెలిసింది, నాకు తెలియలేదు.

మధ్యాహ్నం న్యూరో ల్యాబ్. ట్రేలో గొర్రె మెదడు, గదంతా ఫార్మలిన్ వాసన. పై పొరని మెల్లగా పక్కకి ఒలిస్తే లోపల ఒక ఖాళీ గది, దాని అడుగున తెల్లగా వంపు తిరిగిన చిన్న దిమ్మ. అదే హిప్పోకాంపస్, కొత్త జ్ఞాపకాలు నిలవడానికి కావలసిన ముక్క. సముద్రపు గుర్రంలా ఉంటుందని ఆ పేరు పెట్టారు కానీ, నాకైతే చిటికెన వేలు ముడిచినట్టు కనిపించింది.

దాన్ని చూస్తుంటే హెన్రీ మొలైసన్ అనే అమెరికా పేషెంట్ గుర్తొచ్చాడు. 1953లో, అతనికి 27 ఏళ్లప్పుడు, మూర్ఛ తగ్గుతుందని రెండు వైపులా ఇదే ముక్కని, చుట్టుపక్కల భాగాలతో సహా చాలావరకు తీసేశారు. మూర్ఛ బాగా తగ్గింది. కొత్త సంగతి ఏదీ గుర్తుండటం మానేసింది. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు అతని చేత మూడు రోజులు గీయించింది సరిగ్గా నా పొద్దుటి నక్షత్రాన్నే. రోజురోజుకీ తప్పులు తగ్గిపోయాయి. అంతకుముందు ఆ కాగితం ముందు కూర్చున్నట్టు మాత్రం అతనికి గుర్తే లేదు.

ఈ కథ నేను అప్పటికే చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ మధ్యాహ్నం, గ్లవ్స్ వేసుకుని నిలబడ్డప్పుడు. మెదడుని ఎంత సన్నగా కోసి చూసినా, జ్ఞాపకం ఒక్క రకం కాదని ఆ ముక్కలు చెప్పవు. దానికి ఒక అద్దం, ఒక పెన్సిల్, పక్కన ఓపికగా కూర్చునే ఒకావిడ కావలసి వచ్చింది. అలాగని అద్దం ఒక్కటే ఉంటే, పోయింది ఏ ముక్కో తెలియదు.

ఇక నా కడుపుమంట. ఆ రెండు క్లాసులు ఒకే రోజు పడటం కేవలం కాకతాళీయం. మధ్యాహ్నం మాకేం చూపిస్తారో సైకాలజీ మేడంకి తెలియదు, అద్దం సంగతి న్యూరో సార్‌కి తెలియదు. రెండు డిపార్ట్‌మెంట్లు, రెండు బిల్డింగులు, పరీక్షలు మాత్రం ఒకే వారంలో. కలిపి చదవడం అని పేరేగానీ, కలుపుకునే పని పూర్తిగా మీదే.

ఇంకో తలనొప్పి, చుట్టాలు. "నా మనసులో ఏముందో చెప్పు" అనేవాళ్లు ఒకరు, "మనం మెదడులో పది శాతమే వాడతామట కదా" అనేవాళ్లు ఇంకొకరు. వాడేది వందకి వంద అని చెబితే వాళ్లకి నచ్చదు.

మీరు అడగలేదు కానీ, అసలు భయపడాల్సింది స్టాటిస్టిక్స్‌కి. "ప్రేమలో పడితే మెదడులో ఈ చోటు వెలుగుతుంది" అని రంగురంగుల బొమ్మలు వేస్తుంటారే, అవి నాకు ఒళ్లు మంట. ఆ బొమ్మలు తీసే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ చూసేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని, అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా. న్యూరాన్లని, అంటే మెదడులోని నాడీకణాలని, నేరుగా చూడదు. 2009లో క్రెయిగ్ బెన్నెట్ అనే పరిశోధకుడి బృందం చచ్చిన సాల్మన్ చేపని ఆ మెషిన్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఏమనిపిస్తోందో చెప్పమని అడిగారు. వేలకొద్దీ చోట్ల ఒకేసారి లెక్క కట్టినప్పుడు కొన్ని చోట్ల ఊరికే తప్పుడు ఫలితం వస్తుంది, దానికి చేయాల్సిన సవరణ చేయకపోతే, చచ్చిన చేప మెదడులోనూ ఏదో వెలిగింది. సవరణ చేస్తే ఆరిపోయింది. 2012లో దానికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. సైకాలజీ వైపు స్టాటిస్టిక్స్ పేపర్ ఏడుస్తూ చదివాను కాబట్టే నాకు ఆ చేప జోక్ అర్థమైంది. మా బ్యాచ్‌లో కోర్సు వదిలేసి వెళ్లినవాళ్లు కూడా మెదడు చూసి పారిపోలేదు, ఈ పేపర్ చూసే పారిపోయారు.

మీకు లెక్కలంటే టెన్షనా కాదా అన్నది ప్రశ్నలో రాయలేదు. అది చెప్పండి, ఏ సంవత్సరంలో ఏ పేపర్ తీసుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.