కర్ణాగ్రాలు ఇచ్చినప్పుడు మూడో శీర్షం బిందుపథాన్ని ఏ పద్ధతిలో సాధించాలి?

లంబకోణ త్రిభుజంలో కర్ణాగ్రాలు, అంటే కర్ణం రెండు చివరలు, A(0, 6), B(8, 0) అయితే మూడో శీర్షం P బిందుపథ (P ఉండగల బిందువులన్నీ కలిసిన గీత) సమీకరణాన్ని వాలుల లబ్ధంతో సాధించాలా, పైథాగరస్ సిద్ధాంతంతో సాధించాలా అని మీరు అడిగారు. చివరికి వచ్చే సమీకరణం ఒక్కటే అయినప్పటికీ, ఈ పాఠం చెప్పేటప్పుడు నేను పైథాగరస్ పద్ధతినే ముందుగా చూపిస్తాను.

P(x, y) అనుకుంటే PA² + PB² = AB², అంటే x² + (y − 6)² + (x − 8)² + y² = 100. ఎడమవైపు విస్తరించగా వచ్చే 36, 64 కలిసి కుడివైపున్న 100తో కొట్టుడుపోతాయి; మిగిలినదాన్ని 2తో భాగిస్తే x² + y² − 8x − 6y = 0 వస్తుంది. ఇది AB వ్యాసంగా గల వృత్తం. కేంద్రం (4, 3), వ్యాసార్ధం 5.

వాలులతో చేసేవారు, PA, PB లు లంబంగా ఉంటాయి కనుక వాటి వాలులైన (y − 6)/x, y/(x − 8) ల లబ్ధం −1 అని మొదలుపెడతారు. అడ్డగుణకారం చేయగానే అదే సమీకరణం వస్తుంది, పని కూడా త్వరగా తేలుతుంది. అయితే x = 0 అయినా, x = 8 అయినా ఆ మొదటి మెట్టుకు అర్థమే ఉండదు. P ని (0, 0) వద్ద ఉంచి చూడండి: PA నిలువుగా, PB అడ్డంగా ఉంటాయి కనుక అక్కడ కోణం నిస్సందేహంగా 90 డిగ్రీలే. (8, 6) సంగతీ అంతే. నిలువు రేఖకు వాలు నిర్వచితం కానందువల్ల మాత్రమే ఈ రెండు బిందువులూ జారిపోతాయి, వాటిని విడిగా సరిచూసి కలుపుకోవలసి వస్తుంది.

దూరాలతో చేసినా ఒక జాగ్రత్త అవసరం. A, B లు కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి, కానీ P వాటిపై పడితే త్రిభుజమే ఏర్పడదు. అందువల్ల ఆ రెండింటినీ మినహాయిస్తున్నట్టు జవాబులో రాయాలి. నేను దిద్దే జవాబు పత్రాల్లో చాలా అరుదుగా కనిపించే వాక్యం ఇది.

వర్గమూలాలు తొలగించవలసిన లెక్కల్లో ఇబ్బంది ఇందుకు భిన్నంగా ఉంటుంది: అక్కరలేని బిందువులు వచ్చి చేరతాయి. C(−5, 0), D(5, 0), PC − PD = 8 అనుకుందాం. PC = PD + 8 అని రాసి వర్గం చేస్తే 4PD = 5x − 16 వస్తుంది, మళ్లీ వర్గం చేస్తే x²/16 − y²/9 = 1 అనే అతిపరావలయం (కుడి, ఎడమ అని రెండు విడి శాఖలున్న వక్రం) తేలుతుంది. కానీ (−4, 0) వద్ద PC = 1, PD = 9 కాబట్టి భేదం −8 అవుతుంది. దూరం రుణాత్మకం కాదు గనుక 5x − 16 కూడా రుణాత్మకం కాకూడదని మధ్య మెట్టే చెబుతోంది, దానితో ఎడమ శాఖ మొత్తం తొలగిపోతుంది. కాబట్టి ఈ సమీకరణం పక్కన x ≥ 4 అని తప్పనిసరిగా రాయాలి.