సందేహాలు – సమాధానాలు: ‘ఒపెరాన్’ను ‘జన్యు సమూహం’ అనవచ్చునా?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం జీవశాస్త్ర పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ‘ఒపెరాన్’కు ‘జన్యు సమూహం’ అని రాయవచ్చునా? ‘పక్కపక్కనున్న జన్యువులు కలిసి నియంత్రించబడతాయి’ అన్న వాక్యం సరైనదేనా?

సమాధానం: ఒపెరాన్ అంటే ఒకే అదుపులో కలిసి పనిచేసే పక్కపక్క జన్యువులూ, వాటిని అదుపు చేయడానికి తోడ్పడే డి.ఎన్.ఎ. భాగాలూ కలిసిన ఏర్పాటు. ‘జన్యు సమూహం’ మంచి మాటే గాని ఒపెరాన్‌కు అది చాలదు. సమూహం అంటే అవి ఒకచోట ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. ఒకే అదుపులో ఉన్నాయని తెలియదు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వా జాకోబ్, జాక్ మోనో, వారి సహచరులు 1960లో ఒపెరాన్ అన్న పేరు పెట్టినప్పుడు చెప్పదలచింది ముఖ్యంగా ఈ రెండో సంగతినే. ఇ. కోలై బాక్టీరియాలో లాక్టోజు వినియోగానికి సంబంధించిన మూడు జన్యువులు (లాక్ జెడ్, లాక్ వై, లాక్ ఎ) డి.ఎన్.ఎ. మీద వరుసగా ఉంటాయి. వాటి ముందున్న ప్రమోటర్ అనే చోట మొదలై మూడింటికీ కలిపి ఒకే ఎం.ఆర్.ఎన్.ఎ. (ప్రోటీను తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) తయారవుతుంది. లాక్టోజు లేనప్పుడు రెప్రెసర్ అనే ప్రోటీను ఆపరేటర్ అనే చోట అంటుకొని ఆ పనిని అడ్డుకుంటుంది. లాక్టోజు కణంలోకి చేరి, అందులో కొంత అల్లోలాక్టోజుగా మారి రెప్రెసర్‌ను పట్టుకున్నప్పుడు అది ఆపరేటర్‌ను వదిలేస్తుంది. ప్రమోటర్, ఆపరేటర్ జన్యువులు కావు గాని ఒపెరాన్‌లో భాగాలే. ‘జన్యు సమూహం’ అన్న మాటలో వాటికి చోటే లేదు. కాబట్టి ఒపెరాన్‌ను ఒపెరాన్ గానే ఉంచండి.

ఇక ‘జన్యు సమూహం’ అసలు అవసరమయ్యే చోటు వేరే ఉంది. మనుషుల 11వ క్రోమోజోము మీద ఎప్సిలాన్, రెండు గామా, డెల్టా, బీటా గ్లోబిన్ జన్యువులు (రక్తంలోని హీమోగ్లోబిన్‌కు కావలసిన ప్రోటీన్లవి) ఇదే వరుసలో ఉంటాయి. తొలి పిండదశలో ఎప్సిలాన్, ఆ తరువాత పుట్టేదాకా గామా, పుట్టాక ప్రధానంగా బీటా పనిచేస్తాయి. వాటికి ముందు, కొంత దూరంలో ఉన్న ఒక నియంత్రణ ప్రాంతం ప్రభావం వీటన్నిటి మీదా ఉన్నా, ఏ జన్యువు ప్రమోటర్ దానిదే, ఏ జన్యువు ఎం.ఆర్.ఎన్.ఎ. దానిదే. వీటిని సమూహం అనడమే సరి, ఒపెరాన్ అంటే తప్పు. మీ వాక్యంలోని ‘కలిసి’ లాక్ జన్యువులకు చక్కగా సరిపోతుంది. గ్లోబిన్ జన్యువులకు వాడితే అన్నీ ఒకేసారి పనిచేస్తాయని విద్యార్థి పొరబడతాడు.

‘నియంత్రించబడతాయి’ అన్న కర్మణి ప్రయోగం వ్యాకరణవిరుద్ధం కాదు. అయితే తెలుగువారి నోట సహజంగా రాదు, పైగా ఎవరు నియంత్రిస్తున్నారో దాచేస్తుంది. ఈ పాఠంలో చెప్పవలసిందే అది. ‘ఈ మూడు జన్యువులనూ ఒకే రెప్రెసర్ అదుపు చేస్తుంది’ అని రాస్తే ఆ లోటు తీరుతుంది.

‘నియంత్రణ’ గురించి మీరు అడగలేదు గాని ఒక మాట చెప్పాలి. కాలుష్య నియంత్రణ, జనాభా నియంత్రణ వంటి వాడుకల వల్ల ఆ మాటకు తగ్గించడం అనే అర్థమే మనసులో నాటుకుంది. బదులుగా ‘క్రమబద్ధీకరణ’ అందామంటే, అనుమతిలేని లేఅవుట్లూ ప్లాట్లూ గుర్తుకొస్తాయి! కనుక నియంత్రణనే వాడండి, కాని అది ఏ దిక్కుగా జరుగుతోందో క్రియతో స్పష్టం చేయండి. గ్లూకోజు తగ్గినప్పుడు క్యాప్ అనే మరొక ప్రోటీను ప్రమోటర్ చెంత అంటుకొని లాక్ జన్యువుల పనిని పెంచుతుంది. అదీ నియంత్రణే, అక్కడ ‘పెంచుతుంది’ అనీ, రెప్రెసర్ విషయంలో ‘అడ్డుకుంటుంది’ అనీ రాయండి.