టెక్ సందేహాలు: ప్రొఫెసర్ దగ్గర గ్రాంట్ ఉందో లేదో మీరే చూసుకోవచ్చు

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. పీహెచ్‌డీ కోసం అమెరికా ప్రొఫెసర్లకు మెయిల్స్ పెడుతుంటే జవాబులే రావడం లేదు. ఎవరి దగ్గర ఫండింగ్ ఉందో చెప్తామని ఒక కన్సల్టెన్సీ డబ్బు అడుగుతోంది. కట్టమంటారా? – ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఆ వివరాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ సబ్జెక్టుకైతే ముందు 'ఎన్‌ఐహెచ్ రిపోర్టర్' తెరవండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఎవరికి గ్రాంట్లు ఇచ్చిందో చూపించే వెబ్‌సైట్ ఇది. లాగిన్ గొడవ లేదు, ప్రొఫెసర్ పేరు, యూనివర్సిటీ పేరు కొడితే చాలు.

అందులో ప్రాజెక్టు నంబరు చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. నంబరు '5ఆర్01సీఏ' అని మొదలై చివర '-03' ఉందనుకోండి. ఆ 5 అంటే ఉన్న గ్రాంటే ఇంకో ఏడాదికి కొనసాగుతోందని, అదే 1 అయితే కొత్తది, 2 అయితే గడువు అయ్యాక మళ్లీ పోటీపడి తెచ్చుకున్నది. ఆర్01 అనేది గ్రాంట్ రకం, సీఏ అంటే డబ్బిస్తున్నది జాతీయ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, 03 అంటే మూడో ఏడాది. ముగిసే తేదీ కూడా అక్కడే ఉంటుంది. మీరు చేరే నాటికి ఇంకా రెండేళ్లయినా మిగిలి ఉన్నవాళ్లకు ముందు రాయండి.

ఆ తేదీనే నమ్ముకుని కూర్చోవద్దు. కొత్తగా డబ్బు ఇవ్వకుండా గడువు మాత్రం పొడిగించడం మామూలే, పైగా 2025లో చాలా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేశారు, కాబట్టి ఈ ఏడాది విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అని ప్రొఫెసర్‌నే సూటిగా అడగండి, అందులో తప్పేమీ లేదు. అలాగే పేరు కొడితే ఏమీ రాలేదని కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లను పక్కన పెట్టేయకండి. వాళ్లకు యూనివర్సిటీ ఇచ్చే స్టార్టప్ ఫండ్ ఈ డేటాబేస్‌లో కనిపించదు.

నాకు బాగా నచ్చేది అందులోని 'మ్యాచ్‌మేకర్'. మీ ప్రాజెక్టు సారాంశం పేస్ట్ చేస్తే దానికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టుల్ని చూపిస్తుంది. వాటిలో ఒకదాని అబ్‌స్ట్రాక్ట్ పూర్తిగా చదివి, మీరు చేసిన పని దానికి ఎక్కడ కలుస్తుందో మెయిల్ మొదట్లోనే రాయండి. అందరికీ ఒకే మెయిల్ పంపితే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ ఫ్రెండ్స్ ఉంటే అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ గ్రాంట్ల వివరాలుండే 'ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్' చూడమనండి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అక్కడ కనిపించే మొత్తం అప్పటివరకూ మంజూరైనదంతా కలిపి, రిపోర్టర్‌లో కనిపించేది ఆ ఆర్థిక సంవత్సరానిది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ప్రశ్న: మన దేశంలో కొత్త మందుల ట్రయల్స్ ఎక్కడ జరుగుతున్నాయో తెలుసుకోవచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తెలుసుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2007 నుంచి నడుపుతున్న క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 'సీటీఆర్‌ఐ'లో జబ్బు పేరు ఇంగ్లిష్‌లో కొట్టండి. ఏ ఆసుపత్రిలో జరుగుతోంది, పేషెంట్లను ఇంకా తీసుకుంటున్నారా, ఎవరిని సంప్రదించాలి, అన్నీ ఉంటాయి. డబ్బు పెడుతున్నది ప్రభుత్వమా, మందుల కంపెనీయా అనేది 'ప్రైమరీ స్పాన్సర్' దగ్గర చూడండి. రిజిస్టర్ అయినంత మాత్రాన ఆ మందు పనిచేస్తుందని కాదు, చేరే ముందు మీ డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడండి.