డిగ్రీ ఆడిట్‌లో అంతా పచ్చగా ఉందా? ఒకసారి ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లి రండి

మీ ప్రశ్న ఇది: "బీటెక్ 3-1లో, అంటే మూడో ఏడాది మొదటి సెమిస్టర్‌లో ఉన్నాను. మా కాలేజీ పోర్టల్‌లో కొత్తగా డిగ్రీ ఆడిట్ అని పెట్టారు. ఎన్ని క్రెడిట్లు అయ్యాయో, ఎన్ని మిగిలాయో చూపిస్తోంది. దాన్ని బట్టి ఎలక్టివ్‌లు (మనం ఎంచుకునే సబ్జెక్టులు) ప్లాన్ చేసుకుంటే సరిపోతుందా?"

సరిపోదు. పోర్టల్ చూడండి, రోజూ చూసినా తప్పు లేదు. కానీ దాని మాటే ఆఖరి మాట అనుకోవద్దు. నేను అలా అనుకునే దాదాపు ఉద్యోగం పోగొట్టుకున్నాను.

నాది తిరుపతే. చదివింది ఊరి బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో, ఈసీఈ, ఆర్20 రెగ్యులేషన్ (అంటే 2020 బ్యాచ్‌కి వర్తించే రూల్స్). 2020లో చేరి 2024లో బయటికొచ్చాను. డిగ్రీకి 160 క్రెడిట్లు. మా పోర్టల్‌లోనూ మీరు చెప్పినట్టే ఒక పేజీ ఉండేది. బేసిక్ సైన్సెస్, కోర్, ప్రొఫెషనల్ ఎలక్టివ్ (సొంత బ్రాంచ్‌వి), ఓపెన్ ఎలక్టివ్ (బయటి సబ్జెక్టులు) అని వరసలు, పక్కన పూర్తయితే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర గుర్తు. రెండో ఏడాది నుంచీ నేను ఆ పేజీ చూసే అన్నీ నిర్ణయించుకున్నాను. 3-1లో ఒక ఓపెన్ ఎలక్టివ్ బదులు ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటెల్‌లో ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ (ఐఓటీ) కోర్సు, 12 వారాలది, చేశాను. సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశాను, 3 క్రెడిట్లు ఎక్కాయి, టిక్కు పడింది. 4-1లో ప్రొఫెషనల్ ఎలక్టివ్ కింద మా డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చిన సబ్జెక్టు కూడా ఐఓటీనే. తెలిసిన సబ్జెక్టు, మంచి గ్రేడ్ వస్తుందని తీసుకున్నాను. దానికీ టిక్కు పడింది. మొత్తం పేజీలో చివరి ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు తప్ప ఎర్ర గుర్తన్నదే లేదు.

2024 జనవరిలో, 4-1 పరీక్షలైపోయాక, ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లాను. వెళ్లింది క్రెడిట్ల కోసం కాదు, పేరు కోసం. ఈ పేరు గోల మనందరికీ ఉన్నదే. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. మన క్రెడిట్లు ఆన్‌లైన్‌లో జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ డిజీలాకర్‌లో ఆధార్ పేరుతో వస్తుంది, కాలేజీ వాళ్లు మెమో పేరుతో క్రెడిట్లు పంపుతారు. రెండూ కలవవు, నా అకౌంట్‌లో సున్నా కనిపించేది. పేరు సరిచేయించుకోవడానికి మెమోలన్నీ పట్టుకుని పొమ్మంటే పోయాను.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి. కంప్యూటర్ పక్కకి తిప్పి పెట్టేసి, నా ఏడు సెమిస్టర్ల మెమోలనీ టేబుల్ మీద వరసగా పరిచారు. చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి ఒక్కో సబ్జెక్టు కోడ్ పక్కన చిన్న చుక్క పెట్టుకుంటూ వచ్చారు. పేరు మార్చడానికి ఇదంతా ఎందుకని నాకు లోపల విసుగ్గానే ఉంది. కాలేజీ బస్సు ఐదింటికి. అప్పటికే నాలుగున్నర. ఆరో మెమో దాటి ఏడో మెమోలో పెన్సిల్ ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లింది. ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ తీసి మెమో పక్కన పెట్టారు.

"ఈ రెండూ ఒకటే పాఠం కదా పాపా?" అన్నారు.

నేను ఫోన్ తీసి పోర్టల్ చూపించాను. "సార్, రెండూ ఎక్కాయి సార్, టిక్కు కూడా ఉంది."

ఆయన ఫోన్ వైపు చూడనే లేదు. లేచి బీరువాలోంచి మా బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం తెచ్చి, మొదటి పేజీల్లోనే ఒక చోట వేలు పెట్టి చదవమన్నారు. ఓపెన్ ఎలక్టివ్‌గా తీసుకునే కోర్సు మన బ్రాంచ్‌లో చదివే ఏ సబ్జెక్టుతోనూ కలవకూడదు. ఎన్‌పీటెల్‌కీ అదే రూలు. ఒకే పాఠాన్ని రెండు పేర్లతో చదివితే ఒక్కదానికే క్రెడిట్. అంటే నాకు 3 క్రెడిట్లు తక్కువ. ఆ తక్కువ కూడా ఎప్పుడు తెలిసింది? 4-2లో అసలు క్లాసులే ఉండవు. ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు, అంతే. కాలేజీలో చదివి పూడ్చుకుందామన్నా ఆ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టూ నడవదు.

నాకు కాళ్లు చేతులు ఆడలేదు. చెన్నై కంపెనీలో ఆఫర్ వచ్చి ఉంది, జూలైలో జాయినింగ్, ఆ రోజుకి పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) చేతిలో ఉండాలని లెటర్‌లో స్పష్టంగా రాసి ఉంది. ఆ టెన్షన్‌లో బస్సు కూడా పోయింది. మెయిన్ రోడ్డు దాకా నడిచి షేర్ ఆటోలో ఇల్లు చేరేసరికి ఏడు దాటింది.

పోర్టల్ ఎందుకు పట్టుకోలేదు? ఎందుకంటే దానికి కోడ్ తెలుసు, పాఠం తెలియదు. రెండు కోర్సులకీ వేరు వేరు కోడ్‌లు. రెండు వేరు వరసల్లో ఖాళీలు ఉన్నాయి. తెచ్చి నింపింది, కూడింది, టిక్కు పెట్టింది. ఫలానా కోర్సు ఉంటే ఫలానాది లెక్కలోకి రాదు అనే రూలుని ఎవరో ఒక మనిషి కూర్చుని దాంట్లో ఎక్కించాలి. మా కాలేజీలో ఎవరూ ఎక్కించలేదు. మీ కాలేజీలో ఎక్కించారని మీకు ఎవరు చెప్పారు? కొత్తగా పెట్టారంటున్నారు కాబట్టి నా ఉద్దేశంలో కచ్చితంగా ఎక్కించి ఉండరు. బ్యాచ్‌కో రెగ్యులేషన్. ఆర్19 వాళ్ల రూలు ఆర్20కి పనికిరాదు, ఆర్20ది ఆర్23కి పనికిరాదు. మధ్యలో డిటెయిన్ అయి (పై ఏడాదికి పంపకుండా ఆపేస్తే) కింది బ్యాచ్‌తో కలిసినవాళ్లకి పాత సబ్జెక్టు బదులు ఏది రాయాలో వేరే లెక్క. డిప్లొమా చేసి ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకి మొదటి ఏడాది క్రెడిట్లే ఉండవు. మా క్లాసులో అలా వచ్చిన అబ్బాయికి ఆ పేజీ నాలుగేళ్ల లెక్కే చూపించేది, ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉండేది. పాపం, అతను దాన్ని చూడడమే మానేశాడు.

ఇంకోటి, జీరో క్రెడిట్ కోర్సులు. కాన్‌స్టిట్యూషన్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లాంటివి. క్రెడిట్ లేదు కానీ పాస్ కాకపోతే డిగ్రీ ఇవ్వరు. పోర్టల్ క్రెడిట్లు కూడుతుంది కాబట్టి వీటి ఊసే ఉండదు. నా స్నేహితురాలు, పీలేరు అమ్మాయి, కాన్‌స్టిట్యూషన్ పేపర్ ఒకటి ఉండిపోయిందని చివరి ఏడాదిలో తెలుసుకుంది. అప్పటికి తన పేజీ మొత్తం పచ్చగా ఉంది.

ఆ రాత్రి సంగతి చెప్పాలి, ఎందుకంటే మీకు పనికొచ్చేది అదే. మా నాన్న ఆర్టీసీ కండక్టర్. టికెట్లు కొట్టే టిమ్ మిషన్ వచ్చి ఎన్నేళ్లయినా డ్యూటీ దిగేముందు నోట్లు తనే లెక్కపెట్టి మిషన్ చూపించే మొత్తంతో పోల్చుకుంటేగానీ డిపోలో కట్టరు. నేను ఏడుస్తూ చెప్పింది మొత్తం విని, ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి స్కేలు పెట్టి గీతలు కొట్టారు. "మిషన్ లెక్క మిషన్‌ది. నీ లెక్క నువ్వు వెయ్యమ్మా" అన్నారు. ఒక్కో బాస్కెట్‌కి, అంటే కోర్, ఓపెన్ ఎలక్టివ్ లాంటి ఒక్కో వరసకి, ఒక పేజీ. సబ్జెక్టు పేరు, కోడ్, ఏ సెమిస్టర్, ఎన్ని క్రెడిట్లు, ఏ మెమోలో ఉంది. చివరి గడిలో, ఇది ఈ బాస్కెట్‌లోకి వస్తుందని రెగ్యులేషన్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో. ఆ చివరి గడి ఆయన ఆలోచనే. పేజీ నంబరు దొరకని సబ్జెక్టు ఏదైనా ఉందంటే దాని గురించి ఎవరినైనా అడగాల్సిందే అన్నారు. ఇంజనీరింగ్ అంటే ఏమిటో తెలియని మనిషి, రెండు గంటల్లో నా డిగ్రీ మొత్తం అర్థం చేసుకున్నారు. ఐఓటీ గొడవ కాక ఇంకో చోట పేజీ నంబరు దొరకలేదు. మర్నాడు పొద్దున్నే అడిగితే అది సరిగ్గానే ఉందని చెప్పారు. కనీసం నిద్ర పట్టింది.

ఎలా గట్టెక్కానంటే, అదృష్టం కొద్దీ అది జనవరి. ఎన్‌పీటెల్ కోర్సులు ఏడాదికి రెండు విడతలు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. ఎన్‌రోల్‌మెంట్ ఇంకా తెరిచే ఉంది. ఈసారి ముందు ఆ పెద్దాయన దగ్గరికి, తర్వాత హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్లి, మేనేజ్‌మెంట్ కోర్సు ఒకటి చూపించి, ఇది ఓపెన్ ఎలక్టివ్‌గా ఒప్పుకుంటారని కాగితం మీద సంతకం తీసుకున్నాకే చేరాను. 12 అసైన్‌మెంట్లలో మంచి మార్కులొచ్చిన 8 తీసుకుని 25కి లెక్కేస్తారు. మిగతా 75 పరీక్షకి. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30, రెండూ విడివిడిగా రావాలి. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, అసైన్‌మెంట్లు బాగా చేశాం కదా అని పరీక్ష తేలిగ్గా తీసుకుంటారు. వెయ్యి రూపాయలు ఫీజు కట్టి, పగలు ఇంటర్న్‌షిప్, రాత్రి వీడియోలు. ఏప్రిల్‌లో పరీక్ష తిరుపతిలోనే పడింది. పాసయ్యాను. పీసీ జాయినింగ్‌కి వారం ముందు చేతికొచ్చింది. ఆ వారం మా అమ్మ అన్నం సరిగ్గా తినలేదు.

అమెరికాలో ఈ సాఫ్ట్‌వేర్‌లు పక్కాగా ఉంటాయని ఎవరో ఒకరు కింద రాస్తారు, కాబట్టి ముందే చెప్పేస్తాను. మా పిన్ని కూతురు అక్కడ ఎంఎస్ చదివింది. చాలా యూనివర్సిటీల్లో డిగ్రీవర్క్స్ అనేది వాడతారు, వాళ్లదీ అదే. మనవాటి కంటే ఎంతో మెరుగు, ఒప్పుకుంటాను. మేజర్ మార్చుకుంటే ఏమేం మిగులుతాయో ముందే వేసి చూసుకోవచ్చు. నడుస్తున్న కోర్సులకి వేరే గుర్తు ఉంటుంది. కానీ తను చదివిన ఒక కోర్సు పేజీ అడుగున, ఏ అవసరానికీ లెక్కలోకి రాని కోర్సుల జాబితాలో పడి ఉంది. తను ఎప్పుడూ పైన ఉండే శాతం గీత మాత్రమే చూసింది. అది కూడా నడుస్తున్న కోర్సులన్నీ పాసవుతావని అనుకుని చూపించే శాతం. అడ్వైజర్‌ని కలిస్తే, ఆవిడ ఒక మినహాయింపు పెట్టించి ఆ కోర్సుని సరైన చోటికి మార్పించింది. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉండి ఒక కోర్సు కోసం ఇంకో సెమిస్టర్ ఫీజు కట్టడమంటే ఇక్కడ ఇంట్లోవాళ్ల పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. ఆ స్క్రీన్ అడుగునే రాసి ఉందట, డిగ్రీ పూర్తయిందనడానికి ఇది అధికారిక పత్రం కాదని. మా కాలేజీ పోర్టల్‌లో ఆ ఒక్క వాక్యం కూడా లేదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ప్లాన్ చేసుకోవడానికి అసలు ఎంచుకునే అవకాశం ఎక్కడుంది? ఎలక్టివ్ అంటే పుస్తకంలో నాలుగు పేర్లుంటాయి, చెప్పే లెక్చరర్ ఒక్కదానికే ఉంటారు. వాట్సాప్ గ్రూప్‌లో సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) "అందరూ రెండోది పెట్టండి" అని మెసేజ్ పెడతాడు, అరవైమందీ రెండోదే పెడతాం. నేను 4-1లో ఐఓటీ తీసుకోవడానికి సగం కారణం అదే, వేరేది నడపలేదు. ఫీజులు పూర్తిగా తీసుకుంటున్నప్పుడు కనీసం రెండు ఎలక్టివ్‌లైనా నిజంగా నడపాలి కదా. పిల్లలు అడగరు, తల్లిదండ్రులకి తెలియదు. ఎలక్టివ్ అంటే ఏమిటో మా నాన్నకి ఆ రాత్రి నోటుబుక్కు ముందు కూర్చున్నప్పుడే తెలిసింది. "నువ్వు ఎంచుకునేదా? మరి ఎంచుకోలేదేం?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ చూసుకుంటే చాలదా అని కూడా కొందరు అడుగుతున్నారు. చాలదు. అది పాస్‌బుక్ లాంటిది. ఎన్ని జమయ్యాయో చెప్తుంది. డిగ్రీకి ఏ ఖాతాలో ఎన్ని కావాలో దానికి పట్టదు. పేరు, పుట్టిన తేదీ కలిశాయో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి, ఆఖరి సెమిస్టర్ దాకా ఆగొద్దు.

మీరు 3-1లో ఉన్నారు కాబట్టి టైముంది. లైబ్రరీలోనో కాలేజీ వెబ్‌సైట్‌లోనో మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం దొరుకుతుంది. సిలబస్ వదిలేసి ముందున్న రూల్స్ పేజీలు మాత్రం చదవండి. ఒక్క మధ్యాహ్నం పని. నోటుబుక్కులో బాస్కెట్‌కో పేజీ రాసుకుని, మెమోలన్నీ జెరాక్స్ తీసుకుని ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లండి. పరీక్షలప్పుడు, రీవాల్యుయేషన్ టైములో వెళ్లొద్దు, వాళ్లకి ఊపిరాడదు. మామూలు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లి, మీ పోర్టల్ పేజీ ప్రింట్, మీ నోటుబుక్కు రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట మాత్రమే అడగండి. ఎన్‌పీటెల్ చేసే ఉద్దేశం ఉంటే చేరకముందే హెచ్‌ఓడీ సంతకం. చేరాక తీసుకుందాంలే అనుకోవద్దు.