పిల్లలు చిన్నప్పుడు యూరెస్పాల్ సిరప్ తాగితే ఇప్పుడు ఈసీజీ తీయించాలా?

మీ బాబుకు పోలండ్‌లో ఉండగా 2018 చలికాలంలో దగ్గుకి యూరెస్పాల్ రాశారనీ, గుండెకు ప్రమాదమని ఆ మందును తర్వాత తీసేశారని ఇప్పుడు తెలిసిందనీ, ఈసీజీ తీయించాలా అనీ అడిగారు. బాబు మామూలుగా పరుగెత్తి ఆడుకుంటూ ఉంటే, కేవలం ఆ సిరప్ తాగాడన్న కారణంతో అక్కర్లేదండీ. ఒంట్లో ఉన్నంతసేపే ఆ మందు గుండె లయ మీద పనిచేస్తుంది. ఆపేసిన కొద్ది రోజుల్లో బయటికి పోతుంది, మచ్చలాగా మిగిలిపోయేది ఏమీ ఉండదు.

మేమూ అప్పుడు పోలండ్‌లోనే, వ్రోత్స్వావ్ నగరంలో ఉన్నాం. నారింజ రంగులో, తేనె వాసనతో ఉండేది కదా, మా అమ్మాయి ఏ మందుకైనా ఇల్లు పీకి పందిరేసేది కానీ దీనికి మాత్రం తనే నోరు తెరిచేది. 2019 ఫిబ్రవరిలో ఆప్తెకాకి (అక్కడ మందుల షాపుని అలా అంటారు) వెళ్తే కౌంటర్‌లో ఆవిడ చీటీ చూసి తల అడ్డంగా ఊపింది. ఇంట్లో మిగిలిన సీసా ఉంటే వాడొద్దు, తెచ్చి ఇచ్చేయండి అంది. టెన్షన్‌తో పిల్లల డాక్టరుకి ఫోన్ చేశాను. ఆవిడ సిరప్ ఎంత తాగిందని అడగనే లేదు. పాప ఎప్పుడైనా ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోయిందా, మీ రెండు వైపులా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా, ఈ రెండే అడిగింది. లేవంటే, సిరప్ ఆపేశారు కదా, చాలు అంది.

ఆ మందు అసలు పేరు ఫెన్‌స్పిరైడ్. ఫ్రాన్స్‌లో న్యూమోరెల్ అనీ, రష్యాలో ఎరెస్పాల్ అనీ అమ్మేవారు. దశాబ్దాలు వాడిన మందే. గుండె ప్రతిసారీ కొట్టుకున్నాక మళ్లీ సిద్ధం కావడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఈసీజీలో దాన్నే క్యూటీ అంటారు. గుండె కణాల్లోంచి పొటాషియం బయటికి వెళ్లే దారికి ఈ మందు అడ్డుపడి ఆ సమయాన్ని సాగదీస్తుంది. చాలామందికి ఏమీ కాదు. ఎక్కడో ఒకరికి మాత్రం లయ పూర్తిగా తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఆ ఒక్కరు ఎవరో ముందే పసిగట్టే మార్గం లేదు. దానంతట అదే తగ్గే దగ్గు కోసం ఆ రిస్క్ ఎందుకని ఐరోపా మందుల సంస్థ నిపుణులు 2019 మే నెలలో అనుమతులు రద్దు చేయమన్నారు. నాకైతే అది సబబైన నిర్ణయమే అనిపించింది. కాకపోతే అన్నేళ్లు పట్టడమే మింగుడుపడలేదు.

ఇలాంటిది ఇదే మొదలు కాదు. నిద్రమత్తు రాని అలర్జీ మాత్రగా పేరు తెచ్చుకున్న టెర్ఫెనడిన్ కథ కూడా ఇదే. ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిపి వేసుకుంటే కాలేయం దాన్ని విరగ్గొట్టలేక రక్తంలో పేరుకుని, క్యూటీని సాగదీసేది. 1990ల చివర్లో అమెరికాలో ఆపేశారు, మన దేశంలో 2003లో నిషేధించారు. కాలేయం దాన్ని మార్చగా వచ్చే ఫెక్సోఫెనడిన్‌కి ఈ గొడవ లేదు. అల్లెగ్రా పేరుతో అమ్మేది అదే.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నామన్నారు కాబట్టి ఇంకో మాట. పాత సిరప్ గురించి కన్నా ఇక్కడ వేసే మందుల కలయిక మీద కన్నేయండి. దగ్గు, జ్వరం అనగానే అజిత్రోమైసిన్, వాంతులుంటే డోమ్‌పెరిడోన్ లేదా ఒండాన్‌సెట్రాన్ రాస్తారు. ఇవి కూడా క్యూటీని ఎంతో కొంత సాగదీసేవే. విడిగా, సరైన మోతాదులో చాలామంది పిల్లలకు ఇబ్బంది ఉండదు, కాబట్టి భయపడి మానేయకండి. కానీ వాంతులు, విరేచనాలతో పొటాషియం పడిపోయినప్పుడు రెండు మూడు కలిస్తే సంగతి వేరు. మెడికల్ షాపులో అడిగి సొంతంగా ఒకటి కలపొద్దు. డాక్టరుకి అప్పటికే ఏమేం వేస్తున్నారో చెప్పండి.

ఆటల్లోనో ఈతలోనో బాబు స్పృహ తప్పినా, మీ ఇళ్లల్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయి ఉన్నా, అప్పుడు సిరప్ సంగతి పక్కన పెట్టి వెంటనే పిల్లల గుండె డాక్టరుకి చూపించండి. ఈసీజీ తీశాక క్యూటీసీ (గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ) ఎంత వచ్చిందో అడిగి రాయించుకోండి.